ఆరు నెలల అడ్వాన్సు

మొన్న మా మనవరాలు బెజవాడలో అద్దెకున్న ఫ్లాటు ఖాళీ చేస్తే, గోడకు కొట్టిన మేకులకింత, వంటింటి జిడ్డుకింత అని ఓనరు అడ్వాన్సులో సగానికి పైగా కోసేశాడట. ఆ పిల్ల ఫోన్లో గోలపెడుతుంటే నాకు హుషారొచ్చి, మీ కాలంలో నోరున్న మనుషులు లేరే తల్లీ, బందరులో నేను ఇల్లు ఖాళీ చేసినప్పుడు మాకు వాటా అద్దెకిచ్చిన ఇంటాయన్ని అరుగు మీద పదిమందిలో నిలదీసి, లా పాయింటు మీద లా పాయింటు లాగి, ఆరు నెలల అడ్వాన్సూ పైసా తగ్గకుండా కక్కించాను, చివరికి ఆయనే లేచి నాకు దండం పెట్టాడు, అని చెప్పాను.

మీరు నా ఈడువాళ్లు, మీ దగ్గర దాపరికం ఎందుకు. అరుగు ఉన్నమాట నిజమే గాని దాని మీద కూర్చున్నది ఆయన, కింద నిలబడ్డది నేను. పదిమంది లేరు, ఒక మేక ఉన్నట్టు గుర్తు. లా పాయింట్లు నాకు అప్పుడూ తెలియవు, ఇప్పుడూ తెలియవు. దండం పెట్టిందీ నేనే. పైసా తగ్గకుండా అన్నది కూడా కాస్త సాగదీసిన మాటే, గుమ్మం రంగు గీరుకుపోయిందని రెండు రూపాయలు తగ్గించాడు గాని, దాన్ని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

అరవైల మొదట్లో నాకు బందరులో గుమాస్తా ఉద్యోగం. ఆ ఇంటి వెనక వాటాలో నేనూ, కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడా, అమ్మానాన్నలు లేని నన్ను పెంచిన మా నాయనమ్మా ఉండేవాళ్లం. ఊళ్లో అందరూ నెలో రెండు నెలలో అడ్వాన్సు పుచ్చుకుంటుంటే ఈయనొక్కడే ఆరు నెలలది అడిగాడు. నాయనమ్మ చెవుల దుద్దులమ్మి కట్టింది. ఆరే ఎందుకని అడగాలన్న ఊహే నాకు రాలేదు.

తర్వాత గుడివాడ బదిలీ అయింది. అక్కడ ఇల్లు కుదుర్చుకోవాలంటే ఇక్కడి డబ్బు చేతికి రావాలి. సరిగ్గా ఆ వారమే నాయనమ్మ మంచం పట్టింది, వైద్యుడు పెదవి విరిచి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి ఇంటాయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చంకలో పంచాంగంతో మా గుమ్మం దగ్గర నిలబడేవాడు. గడప దాటి లోపలికి రాడు. అక్కడి నుంచే మెడ చాచి ఆవిడ ఊపిరి వినేవాడు. ఒకరోజు అననే అన్నాడు.

“పెద్దావిడకి ఎలా ఉందండీ? మీరేం అనుకోకండి, రేపు పొద్దున్నే ధనిష్ఠ వచ్చేస్తోంది. ఆవిడ గాని మన కొంపలో పోయిందా, ఆర్నెల్లు పాడుపెట్టాలి. ఆ ఆర్నెల్ల అద్దె నాకెవరిస్తారండీ, మీ అడ్వాన్సు తప్ప?”

ఆరు నెలల లెక్క ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఇల్లు మూసెయ్యాలన్న పట్టింపు మనకందరికీ తెలిసిందే గాని, దానికి ముందుగానే డబ్బు కట్టించుకునే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. మా ఆవిడ వంటింట్లోంచి, “పోతే పోనివ్వండి ఆ డబ్బు” అంది. కాపురానికొచ్చి ఏడాది కాలేదు, నీకేం తెలుసని కసిరి, బండి మాట్లాడుకొచ్చాను.

నాయనమ్మ పుట్టిల్లు హంసలదీవి దగ్గర. చివరిరోజుల్లో పుట్టినూరు చూడాలని ఆవిడ కోరింది, అందుకే తీసుకెళ్లాం. అప్పటికే స్పృహ లేదు, కష్టం తెలియలేదు. బండిలో గడ్డి మెత్తగా పరిచి పడుకోబెట్టాం. సాయంత్రానికి కృష్ణ రేవు చేరేసరికి బల్లకట్టు అవతలి ఒడ్డున ఉంది. అది ఇవతలికి వచ్చేలోగా మా ఆవిడ ఒళ్లో ప్రాణం పోయింది. ఆ ఇసుకలోనే కానిచ్చేశాం.

తిరిగొచ్చి ఇంటాయనకు సంగతి చెబితే, ఎన్ని గంటలకు పోయిందని అడిగి, పంచాంగం తిరగేసి, నిజంగానే నొచ్చుకున్నాడు.

“అయ్యో, అప్పటికింకా శ్రవణమేనండీ! మన ఇంట్లో పోయినా ఏం ఫర్వాలేకపోయేది. అనవసరంగా తిప్పారు పెద్దావిణ్ణి.”

మైలలో ఉన్నవాణ్ణి కదా, డబ్బు చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాడు. నేను వంగి ఏరుకుని దండం పెట్టాను.

ఇప్పుడు ఆ బాధ లేదు. పోయేవాళ్లంతా ఆసుపత్రులకు వెళ్లి పోతున్నారు, ఓనర్లకు నక్షత్రాలతో పనిలేదు, మేకులతోనూ జిడ్డుతోనూ సరిపెట్టుకుంటున్నారు. పంచాంగం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడూ లేడు, బల్లకట్టూ లేదు. మా మనవరాలి ఓనరు నా కంటికి ధర్మరాజులా కనిపించాడు. ఆ పిల్లకూ అదే చెప్పాను, ఆ ఇల్లు ఖాళీ చేసే రోజుల్లోనే మా నాయనమ్మ స్పృహ లేకుండా, తను కోరుకున్న దారిలో, సుఖంగా వెళ్లిపోయిందని కూడా చెప్పి ఫోను పెట్టేశాను.

పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ తలెత్తలేదు.

“పుట్టినూరని ఆవిడ ఎన్నడూ అడగలేదు. స్పృహ లేని మనిషి, ‘నన్నెక్కడికి తీసుకుపోతున్నావురా’ అంటుందా? గుమ్మం పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడదీసింది మీరు. ఆ గోళ్లు గీరిన రంగుకేగా, ఆయన రెండు రూపాయలు కోసింది.”