సర్వే ఆఫ్ జాబితాలో క్యూబా పాటలు

నా ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉందనగా, మార్చి మొదటి వారంలో, గోదావరిఖనిలోని పాత రిక్రియేషన్ క్లబ్బు సామాను తేల్చే కమిటీలో నన్ను వేశారు. అప్పటికి నేను బొగ్గు గనుల్లో సీనియర్ స్టోర్స్ ఆఫీసర్ని. ఓపెన్‌కాస్ట్ గని విస్తరణ కోసం క్లబ్బు భవనం ఖాళీ చేస్తున్నారు. ఇలాంటప్పుడు స్టోర్స్, ఇంజనీరింగ్, అకౌంట్స్ విభాగాల నుంచి ఒక్కొక్కరు కలిసి ప్రతి వస్తువునూ చూసి, పనికొస్తుందో లేదో రాసి సంతకాలు పెట్టాలి. పనికిరాదన్నది తుక్కు వేలానికి పోతుంది. దీన్ని మేము సర్వే ఆఫ్ అంటాం.

ఆఫీసులో నాకు చాదస్తురాలినని పేరు. "మేడం సంతకం లేంది చాయ్ గూడ తాగదు" అని ప్యూన్లు నవ్వుకునేవారు. ఆ మాటకు నేను నొచ్చుకోలేదు, లోపల కొంచెం గర్వంగానే ఉండేది. అందుకే చేసిన తప్పు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బీరువాలో, విరిగిన క్యారమ్ బోర్డుల వెనక, ఒక చెక్కపెట్టె దొరికింది. అందులో ఇరవై మూడు గ్రామఫోను రికార్డులు. లేబుళ్ల మీద ఏదో విదేశీ భాష. హవానా అన్న మాట ఒక్కటి మాత్రం చదవగలిగాను. అప్పటికే మధ్యాహ్నం దాటింది, ముగ్గురికీ ఆకలి దంచేస్తోంది. "గ్రామఫోను ప్లేట్లు, 23, పనికిరావు" అని రాశాను. సంతకాలు అయిపోయాయి, జాబితా ఏరియా ఆఫీసుకు వెళ్లిపోయింది.

మూడో రోజు ఏసురత్నం కాక స్టోర్స్‌కు వచ్చాడు. ఆయన రిటైరైన వైండింగ్ ఇంజన్ డ్రైవర్. షాఫ్టు గనిలో మనుషుల్ని దించి, పైకి తెచ్చే ఇనుప బోను లాంటి కేజ్‌ను నడిపినవాడు. ఎనభై దాటాయి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది పోతూ ఉంది. పెట్టె సంగతి ఎవరో చెప్పారట.

"బిడ్డా, ఆ పెట్టె నాకియ్యమంటలేను. ఒక్కసారి ఇనిపియ్యి, చాలు. ఈ చెవి గూడ ఇంక నిలువదని దవాఖానల చెప్పిండ్రు."

జాబితా చేయి దాటిపోయిందని, సోమవారం లారీ వస్తుందని, సర్వే ఆఫ్ అయినదాన్ని ముట్టుకోవడానికి రూలు ఒప్పుకోదని గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన వాదించలేదు. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, రూలు రూలే గదా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు ఇంత గుచ్చుకునేది కాదు.

మర్నాడు పొద్దున్నే నా రూలు పుస్తకం నేనే తిరగేశాను. పరీక్షించకుండా దేన్నీ పనికిరాదని రాయకూడదు. మోటారైతే తిప్పి చూస్తాం, పంపైతే నీళ్లు పోసి చూస్తాం. మరి పాటల్ని విని చూడాలి కదా? ఇన్నేళ్లలో మొదటిసారి నా మీద నేనే కాగితం రాసుకున్నాను: పరీక్ష జరపకుండా సంతకం చేశాను, జాబితా వెనక్కి పంపగలరు. కమిటీలోని ఇంజనీరు శ్రీనివాస్ అది చదివి పడీ పడీ నవ్వాడు. "మీకు మీరే మెమో ఇచ్చుకుంటరా అక్కా?" అన్నాడు. నవ్వాడే గానీ క్లబ్బు పాత రికార్డ్ ప్లేయర్‌ను తనే బాగుచేసి, మంచిర్యాల నుంచి సూది తెప్పించాడు. జాబితా వెనక్కి వచ్చింది. శనివారం మధ్యాహ్నం పరీక్ష. ఆ వస్తువు వాడకం తెలిసిన సాక్షిగా ఏసురత్నం పేరు నేనే రాశాను.

మొదటి రెండు రికార్డుల్లో బుస తప్ప ఏమీ లేదు. మూడోది మొదలవగానే కోలాటం కర్రల్లాంటి మోత వినిపించింది. విడివిడిగా మూడు దెబ్బలు, ఆ వెంటనే రెండు. మళ్లీ మూడు, రెండు. తర్వాత బాకాలు, ఒక మగ గొంతు, దానికి బదులు పలికే గుంపు. కాక కుడి చెవి స్పీకరుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆయన చేయి మెల్లగా లేచి గాల్లో ఏదో పట్టుకుంది.

"మా గంటల కోడు గదా బిడ్డా ఇది!" అన్నాడు. కేజ్ దగ్గర మూడు గంటలు కొడితే మనుషులు ఎక్కబోతున్నారని అర్థం. డ్రైవరు తిరిగి మూడు కొడితేనే ఎక్కాలి. ఆ తర్వాత రెండు కొడితే కిందికి దించాలి. ఇంజన్ బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు పోతూ పోతూ ఈ పెట్టెను క్లబ్బుకు ఇచ్చాడట. ఒకనాడు మొదటి షిఫ్టు దిగి క్లబ్బు కుర్చీలో కునుకు తీస్తున్న ఏసురత్నం, ఈ మోత వినగానే నిద్రలోనే బల్ల మీద మూడు కొట్టి, కుర్చీ చేయిని బ్రేకనుకుని పట్టుకున్నాడట. క్లబ్బంతా విరగబడి నవ్వింది. ఆనాటి నుంచి అది "కేజ్ పాట". పెట్టిన ప్రతిసారీ అందరూ బల్లల మీద మూడు కొట్టేవారు. చెబుతూ చెబుతూ ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

శ్రీనివాస్ పాటలన్నీ ఫోనులో ఎక్కించి హైదరాబాదులో తనకు తెలిసిన సంగీతం మాస్టారికి పంపాడు. ఇవి క్యూబాలో విప్లవానికి ముందు జనం చిందేసిన పాటలని, ఆ మూడు-రెండు దెబ్బల మీదే అక్కడి సంగీతం నడుస్తుందని ఆయన చెప్పారు. కేజ్ పాట మాత్రం తనకు ఇంకెక్కడా దొరకలేదన్నారు. కొత్త జాబితాలో "పంతొమ్మిది పనిచేస్తున్నవి, నాలుగు చెడినవి" అని రాశాను. పెట్టె కాలనీ లైబ్రరీకి చేరింది. కాక ప్రతి శుక్రవారం వెళ్లి వినేవాడు. క్రిస్మస్ నాటికి ఆ చెవి కూడా పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నడిపి చూడకుండా దేన్నీ పనికిరాదని రాయలేదు. ఈ ఉదంతం నాకు నేర్పింది అదే. ఇప్పుడు ఏసురత్నం కాక ఇంటికి వెళ్తే పిలిచి లాభం లేదు. పక్కన నిలబడి ఆయన కుర్చీ చేయి మీద మూడుసార్లు తడతాను. ఆయన తిరిగి మూడు కొడతాడు. అప్పుడే కూర్చుంటాను.