ముందు తాను తినే గ్రామసేవిక

మా పల్లెకు వచ్చే గ్రామసేవికకు ఒక అలవాటు ఉండేది. ఎవరినైనా ఏదైనా తినమంటే, ముందు తానే ఒక ముద్ద తినేది.

విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డున మా ఊరు. అప్పుడు నేను తొలిచూలు బాలింతను. పథ్యమని మా అత్త కారప్పొడి అన్నం తప్ప ఇంకేమీ పెట్టేది కాదు. కొన్నాళ్లకు సందెవేళ నాకు కళ్లు ఆనడం మానేశాయి. ఒకరోజు ఉయ్యాల అనుకుని బిడ్డను గాలిలో వదలబోయాను. అత్త కేకతో ఆగిపోయాను. ఆ తర్వాత పొద్దు వాలితే బిడ్డను ఎత్తుకునేదాన్ని కాదు.

గ్రామసేవిక తన చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చి, "ఇది రేచీకటి. మునగాకు పెట్టు పెద్దమ్మా" అంది.

"వద్దు తల్లీ! నా కూతురు ఆకు తింటే, ఆ పాలు తాగే దాని బిడ్డ పోయినాడు" అని అత్త ఏడ్చింది.

గ్రామసేవిక వెళ్లి మునగాకు దూసుకొచ్చింది. మా పొయ్యి మీదే వేపుడు చేసి, అన్నంలో కలుపుకుని తింది. సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉండి, తన చంటిబిడ్డకు మా ఎదుటే పాలిచ్చింది. ఆ బిడ్డ కదిలినప్పుడల్లా ఏమైందోనని తొంగి చూసేవాళ్లం. బిడ్డ హాయిగా నిద్రపోయాక, అత్త కళ్లు మూసుకుని దండం పెట్టుకుని నా కంచంలో ఆకు వడ్డించింది.

నెల తిరిగేసరికి సందెవేళ నా బిడ్డ ముఖం కనబడింది. ఆ మాట చెబితే గ్రామసేవిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు నాకూ భయమేసింది చెల్లెమ్మా. బాలింత ఆకు తినగూడదని మా అమ్మా చెప్పేది. నేను చదివింది నిజం కావాలని, బిడ్డ మొహమే చూస్తా కూర్చున్నా."