పదిహేడో నంబరు హాజరు

మా ఎదురింటి సారు పోయారు. మిర్యాలగూడ నుంచి ఆయన మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలా అని ఆలోచించాను. కోదాడలో నాకు అట్లా చెప్పుకునే మనిషి ఆయన ఒక్కరే.

సారు జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పాఠాలు మానేశాక, చిలుకూరు రోడ్డు వైపు గుట్ట మీదుండే కోతుల గుంపును చూడటం మొదలుపెట్టారు. పాత అటెండెన్స్ రిజిస్టరు, బొటనవేలంత పెన్సిల్ ముక్క, ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని రోజూ పొద్దున్నే వెళ్లి హాజరు వేసేవారు. నిజంగానే హాజరు! చెవి తెగినది రెండో నంబరు, తోక వంకరది తొమ్మిది. పేర్లు పెట్టొచ్చు కదా సార్ అంటే, "పేరు వెట్టినమంటే ముద్దు మొదలైతది బిడ్డా. ఇగ సూసుడు ఖతం" అనేవారు. ఒక్క అరటిపండు కూడా వేయనిచ్చేవారు కాదు. తిండి పెడితే అవి మన చేతిని చూస్తాయే తప్ప వాటి బతుకు అవి బతకవని ఆయన కోపం.

ఆదివారాలు నేనూ వెళ్లేదాన్ని. అవి ఒకదానికొకటి పేలు చూసుకునేది ఊసుపోక కాదనీ, ఎవరు ఎవరి పక్షమో చెప్పుకోవడమనీ ఆయన చూపిస్తేనే తెలిసింది. పెదాలు చప్పరిస్తే నీతో నాకు తగాదా లేదని అర్థమట. గుంపు నుంచి తప్పిపోయినది 'ఊ...' అని సన్నగా సాగదీసి పిలిచేది. ఒకసారి నేను లేవబోతుంటే సారు చెయ్యి పట్టి ఆపారు.

"పిలుపు ఒక్కటే కాదు, తర్వాత సూడు. పిలిచి ఆగుతది. జవాబుకు జాగ ఇడుస్తది."

ఒక వేసవిలో మా అమ్మ మిద్దె మీద వడియాలు పెడుతుంటే రెండో నంబరు మీదికి ఉరికింది. అమ్మ మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటికే మా వాడంతా కోతులతో పరేషాన్. కోతుల్ని పట్టేవాళ్లను పిలిపించమని అందరూ కలిసి మున్సిపాలిటీకి కాగితం రాశారు. మొదటి సంతకం నాది. సారు కంటి ఆపరేషన్‌కని సూర్యాపేట వెళ్లిన రెండు రోజుల్లోనే బోన్ల బండి వచ్చి గుంపును ఎక్కించుకుపోయింది. నేను పొద్దున, సాయంత్రం ఫోన్ చేసి కన్ను ఎట్లా ఉందని అడిగానే గానీ ఈ ముక్క చెప్పలేదు. సిగ్గులేని మనిషిని.

దొరక్కుండా మిగిలింది పదిహేడో నంబరొక్కటే. సారు నల్లద్దాలు పెట్టుకుని గుట్టకు వెళ్లి, తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. ఎవరు పట్టించారని అడుగుతారేమోనని, గ్లాసు చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను.

"అమ్మ చెయ్యి ఎట్లున్నది బిడ్డా?" అన్నారు. గ్లాసు పట్టుకుని కాసేపు ఆగారు.

నయమవుతోంది సార్ అన్నాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆయనకు జబ్బు చేస్తే మేనకోడలు వచ్చి మిర్యాలగూడ తీసుకుపోయింది.

మొన్న ఆ అమ్మాయే ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చి, మామయ్య మీకియ్యమన్నాడంటూ రిజిస్టరు నా చేతిలో పెట్టింది. సారు సూర్యాపేట నుంచి వచ్చిన రోజు పేజీ తీశాను. గళ్లన్నీ ఖాళీ, పదిహేడు తప్ప. కింద పెన్సిల్‌తో రాసి ఉంది: "ఎదురింటమ్మ చేయి విరిగింది. పట్టించక ఏం చేస్తారు. అడిగి ఆగాను. పాపం, ఆ పిల్ల చెప్పలేకపోయింది."

ఇవాళ పొద్దున మిద్దె ఎక్కాను. తాళం వేసిన సారు ఇంటి పిట్టగోడ మీద పదిహేడో నంబరు కూర్చుని 'ఊ...' అని పిలిచింది. రిజిస్టరు తెరిచి దాని గడిలో హాజరు వేశాను. తర్వాత ఆ ఇంటి వైపు తిరిగి, "మొదటి సంతకం నాదే సార్" అని పైకే అన్నాను.

కోతి ఇంకా ఆగే ఉంది.