సరిత నడిపిన కారు, నేను పెట్టిన సంతకం

మా సరిత గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేసి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, తప్పు ఒప్పుకోవడం నాకు బొత్తిగా అలవాటు లేని పని. అయినా చెబుతాను.

సరితది గద్వాల వైపు పల్లె. కోకాపేట టవర్లలో మేస్త్రీ పనికి భర్త వస్తే, వెంట తనూ వచ్చింది. మొదట ఓ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసింది. పార్కింగులో కార్లు చూసి చూసి, "నేల తుడుసుడు సాలు, ఇగ బండి నడపాలె" అనుకుందట. టెస్టు రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. ఐదేళ్లుగా కొండాపూర్‌లోని మా ఫ్లాటు నుంచి మా అమ్మాయి భానుశ్రీని ఆఫీసుకు తీసుకెళ్లేది తనే. భానుకూ లైసెన్సుంది. కానీ సెల్లార్లోంచి కారు తీయాలంటే చెమటలు పడతాయి.

అందుకే ఒమన్ వెళ్దామనుకున్నప్పుడు భాను తేల్చి చెప్పేసింది. "సరితక్క మనతో వస్తేనే కారు అద్దెకు తీసుకుందాం. లేకపోతే హోటల్లో కూర్చుందాం."

సరిత ఒక్కటే కోరింది. "అమ్మా, నేను సముద్రం సూడలే. నేనే బండి నడుపుకుంట దానికాడికి పోవాలె."

"విమానంలోంచి కనబడుతుందిగా?"

"గది లెక్కల్ల రాదు," అంది నవ్వుతూ.

ఇంటర్నేషనల్ పర్మిట్ చేయించుకుని మస్కట్‌లో దిగాం, కారు తీసుకున్నాం. అక్కడ స్టీరింగు ఎడమవైపు, నడపాల్సింది రోడ్డుకి కుడివైపు. హోటల్ ముందున్న ఖాళీ జాగాలో సరిత గంటసేపు తిప్పి, "అయిపాయె, ఇగ ఫికర్ లేదు" అంది. ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేసినప్పుడల్లా ముగ్గురం పడీపడీ నవ్వాం.

మర్నాడు పొద్దున సముద్రం ఒడ్డునున్న సూర్ అనే ఊరి వైపు బయల్దేరేముందు నేను వేలు పెట్టాను. "ఏమ్మా, ఒరిజినల్ లైసెన్సు వెంటేసుకుని తిరుగుతావా? పరాయి దేశంలో పోతే ఎవరిస్తారు?" అని కార్డు తీసుకుని హోటల్ గదిలో వదిలి వెళ్తున్న నా సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. దాని జిరాక్సు మీద గ్రీన్ ఇంకుతో 'ఒరిజినల్‌తో సరిచూశాను' అని రాసి, సంతకం పెట్టి, కింద నా హోదా కూడా వేసి ఇచ్చాను. రిటైరైతేనేం, ఆ పెన్ను నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. సరిత నా ముఖం చూసి, ఆ జిరాక్సును మడిచి పర్మిట్‌లో పెట్టుకుంది.

పది నిమిషాలకే పోలీసాయన ఆపాడు. సరిత మన హైటెక్ సిటీ అలవాటు కొద్దీ కాగితాలు పట్టుకుని గబుక్కున దిగి ఆయన దగ్గరికి నడిచింది. ఆయన కంగారుపడి, వెళ్లి కార్లో కూర్చోమని రెండు చేతులూ ఊపాడు. అదృష్టం, హిందీ వచ్చినాయన. పర్మిట్ చూసి బాగుందన్నాడు. హైదరాబాద్ లైసెన్సు కార్డు ఏదన్నాడు. సరిత నా జిరాక్సు ఇచ్చింది. ఆ పచ్చ సంతకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేమిటని అడిగాడు.

"గెజిటెడ్ అటెస్టేషన్!" అన్నాను వెనక సీట్లోంచి దర్జాగా. భాను నా మోచెయ్యి గిల్లింది.

చెల్లదన్నాడు. అసలు కార్డు వచ్చేదాకా బండి కదలకూడదట, కదిలితే కేసట. సరిత ముఖం వాడిపోయింది.

"కేసైతే ఇంటికాడ నా లైసెన్సు పోతదా అమ్మా? సముద్రం పోతే పోనీ తియ్యి. గది పోతే నేనెట్ల బతకాలె?"

నా ప్రాణం చివుక్కుమంది. 'మీరే కదా దాచింది' అని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదా పిల్ల! అద్దం దించి, నాకొచ్చిన వంకర హిందీలో గొంతెత్తాను.

"అయ్యా, ఈ అమ్మాయికి ఏ పాపమూ తెలియదు. కార్డు దాచింది నేను. రాసేదుంటే నా పేరు రాసుకోండి."

ఆయన పకపకా నవ్వాడు. వాళ్లమ్మా అంతేనట, ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ బియ్యం డబ్బాలో దాస్తుందట. నన్ను తన బండిలో ఎక్కించుకుని హోటల్‌కు తీసుకెళ్లాడు. పోలీసు బండి ఎక్కడం నా జన్మలో అదే మొదలు. రిసెప్షన్లో అందరూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. చూడనీ అనుకున్నాను.

కార్డు తెచ్చి సరిత చేతిలో నేనే పెట్టాను. "తప్పు నాదే, తల్లీ. క్షమించు."

"అయ్యో, గట్లనకుండ్రి అమ్మా!" అని నా రెండు చేతులూ పట్టేసుకుంది. పోలీసాయన కేసు రాయలేదు, చెయ్యూపి పంపించాడు.

కురియాత్ అనే ఊరు దాటి కొండల్లో ఒక మలుపు తిరగ్గానే, ఎదురుగా నీలంగా సముద్రం. "అబ్బో! అబ్బబ్బో!" అని సరిత కేక పెట్టింది. బండి ఆపే జాగా చూసి పక్కకు తీసింది. దిగుతుందనుకున్నాం. దిగలేదు. స్టీరింగు పట్టుకుని, ఓ చేత్తో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అమ్మా, జర వెనక్కి పోదమా?"

"ఎందుకమ్మా, ఏమన్నా మరిచిపోయావా?"

"లే. ఆ మలుపుకాడికెల్లి మళ్లా నడుపుకుంట వస్త. రోడ్డు సూసుకుంట సముద్రం మంచిగ సూడలే."

భాను గడియారం చూసుకుంది. నేను దాని చెయ్యి కిందికి నొక్కి, "యూటర్న్ ఎక్కడుందో చూసి పోనియ్యమ్మా," అన్నాను. ఆ మలుపు మూడుసార్లు తిరిగాం.