తుపాను తరువాత పెరిగిన ఓజోన్

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక అక్టోబరులో, నన్ను పాలకొల్లు పరిశీలన కేంద్రానికి ఇన్‌చార్జిగా పంపారు. కేంద్రమంటే కాలేజీ మేడమీద ఒక గది, అందులో ఓజోన్ ఎనలైజర్. బయటి గాలిని గొట్టంతో పీల్చి, దాని గుండా అతినీలలోహిత కాంతిని పంపి, ఎంత కాంతి మధ్యలో ఇంకిపోయిందో చూసి ఓజోన్ లెక్క చెప్పే యంత్రమది.

నేను చేరిన కొన్నాళ్లకే తుపాను తీరం దాటింది. ఆ మరునాటి నుంచి ఓజోన్ అమాంతం పెరిగి, వారం గడిచినా తగ్గలేదు. మా విభాగాధిపతి ఫోన్లో సంబరపడిపోయారు. పెద్ద తుపానుల వెనుక ఒక్కోసారి పైనున్న ఓజోన్ పొర గాలి కిందికి జారుతుంది. అది నేలదాకా దిగడం అరుదు. వెంటనే దీనిమీద పరిశోధన పేపరు రాసి పంపేయమన్నారు.

నాకు మాత్రం ఒక సంగతి మింగుడుపడలేదు. అంత పైనుంచి దిగిన గాలి పొడిగా ఉండాలి. మా తేమ రీడింగుల్లో ఏ మార్పూ లేదు. అంతలో ఒక మధ్యాహ్నం ఊళ్లో కరెంటు పోయింది. మా యంత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, కానీ ఓజోన్ మామూలు స్థాయికి పడిపోయింది. కరెంటు రాగానే మళ్లీ లేచింది. పైనుంచి దిగే గాలికి కరెంటుతో పనేముంది?

దగ్గర్లో కరెంటుతో నడిచేదేముందో చూద్దామని కిందికి దిగి వెళ్లాను. కాలేజీ గోడ అవతల మినరల్ వాటర్ ప్లాంటు. నీళ్లలో క్రిములు చావడానికి అక్కడ చిన్న యంత్రంతో ఓజోన్ తయారుచేసి ట్యాంకులోకి వదులుతారు. లోపలికి అడుగుపెట్టగానే ఘాటు వాసన, కళ్లు మండాయి. ప్లాంటు నడిపే సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"దగ్గరికి రాకండి మేడమ్ గారూ, టీబీ ఏమోనండి. మా అమ్మ దాంతోనే పోయింది. ఆసుపత్రిలో కళ్లె ఇచ్చొచ్చాను, రిపోర్టు రాలేదు. పిల్లని అక్క దగ్గరికి పంపేశాను."

"దగ్గు ఎప్పటి నుంచమ్మా?"

"తుపాను వెళ్లిన కాణ్ణుంచేనండి."

తల ఎత్తి చూశాను. ట్యాంకులో మిగిలిన ఓజోన్‌ను కప్పు పైకి పంపే గొట్టం గాలివానకు ఊడి, గదిలోనే వేలాడుతోంది. అక్కడి కిటికీ మేడమీద మా ఎనలైజర్ గాలి పీల్చే గొట్టం వైపే తెరుచుకుని ఉంది. వెంటనే ఓజోన్ యంత్రం ఆపమన్నాను.

"మంచినీళ్లకి జనం క్యూలో ఉన్నారండీ!"

"ముందు మీరు బయటికి రండి. ఈ గ్యాసు ఊపిరితిత్తులకు చేటు. డాక్టరుగారికి ఇది కూడా చెప్పండి."

ఆ సాయంత్రం ఆమె భర్త గొట్టం బిగించాడు. మా రీడింగులు ఆ పూటే దిగాయి. తరువాత కొద్దిరోజులకు సువార్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుని మేడెక్కి వచ్చింది. "టీబీ లేదంటండి! గ్యాసు వల్లేనన్నారు," అంటూనే కూలబడి ఏడ్చేసింది. దగ్గు చాలావరకు తగ్గింది. నాకూ గుండెల మీద బరువు దిగినట్టయింది.

విభాగాధిపతికి సంగతంతా చెప్పాను. "పేపరు పంపలేదు కదా?" అన్నారు. లేదన్నాను. "బతికాం," అన్నారు.

ఆ తరువాత ఏ ఊళ్లో ఎనలైజర్ పెట్టినా, చుట్టుపక్కల వీధులు తిరిగి ఎవరు ఏ యంత్రం నడుపుతున్నారో కనుక్కున్నాకే గొట్టం బిగించమని చెప్పేదాన్ని.