అమ్ముకున్న చలికాలం

మాది తోటపని. అరోరాలోనూ, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇళ్ళ ముందు గడ్డి కోయడం, పూలమొక్కలు పెట్టడం, మనవాళ్ళ పెరళ్ళలో గోంగూరకీ వంగకీ మళ్ళు కట్టివ్వడం. మా ఆయన వ్యవసాయం చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ మనిషి. గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాదే ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోకుండా ఒక పికప్ ట్రక్కూ, గడ్డి కోసే మిషనూ కొన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి కస్టమర్ల ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆ పని నాదే.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా నాకు మొగుడు లేనట్టే లెక్క. గడ్డివాసన వేస్తూ ఒక మనిషి ఇంటికొస్తాడు, స్నానం చేస్తాడు, కంచం ముందు కునికిపాట్లు పడతాడు. ఏం కూర తిన్నాడో అడిగితే చెప్పలేడు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ కోపాన్ని డిసెంబరు దాకా దాచుకోవచ్చులే అని ధీమా. రాలిన ఆకులు ఎత్తే పని అయిపోయాక ఆయన మిషన్లు శుభ్రం చేసి, గరాజ్‌లో గుడ్డ కప్పి, బూట్లు విప్పి లోపలికి వచ్చేవాడు. అక్కణ్ణుంచి మార్చి దాకా ఆయన నావాడు.

ఆ నెలల కోసమే ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటోంది. పొద్దున్నే లేవక్కర్లేదు. నేను మందపాటి మూకుట్లో మినపరొట్టె వేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించేదాన్ని. అది కాలడానికి అరగంట పైన పడుతుంది. ఆయన వంటింటి బల్ల మీద పాత న్యూస్‌పేపరు పరిచి, ఎండబెట్టిన బెండకాయలు వలిచి గింజలు కవర్లలో పోసేవాడు. కిటికీ బయట అంతా తెల్లగా ఉండేది. ఏ పనీ తొందర లేనప్పుడే మా ఆయనకి నోరు పెగులుతుంది. పెళ్ళయిన పదకొండో ఏట, అలాంటి ఒక పొద్దున, చిన్నప్పుడు నత్తి వల్ల బడిలో మాట్లాడేవాడు కాదని చెప్పాడు. పదకొండేళ్ళు కాపురం చేసి అది నాకు తెలియదు. రొట్టె అడుగంటినా లేవకుండా కూర్చుని విన్నాను.

అలాంటి చలికాలాన్ని నేనే, నా నోటితోనే, అమ్మేశాను.

ఒక అక్టోబరులో మా పాత కస్టమరొకావిడ ఫోన్ చేసింది. వాళ్ళ కాలనీలో ఎవరో వేసవికి గడ్డి కోయడం, చలికాలానికి ఇళ్ళ ముందు మంచు తీయడం, రెండూ కలిపి చేస్తున్నారట. "మీరు స్నో కూడా చేస్తారా అక్కా? లేదంటే రెండూ వాళ్ళకే ఇచ్చేద్దాం అంటున్నారు మా వారు," అంది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. ట్రక్కు ఉంది, మనుషులు తెలుసు, దాని ముందు మంచు తోసే బ్లేడు ఒకటి బిగించుకుంటే సరిపోతుంది కదా అని మా ఆయన వెంటపడ్డాను.

"చలికాలం కూడా ఇచ్చేస్తే మనకేం మిగులుతుందే?" అన్నాడు.

కస్టమర్లు పోతే వేసవి కూడా మిగలదని గట్టిగానే చెప్పాను. ఆ మాటలో తప్పు లేదు. కానీ ఆయన అడిగింది వేరు, నేను జవాబు చెప్పింది వేరు. అది తెలిసే సరికి చాలా ఏళ్ళయింది.

పనిలో దిగాక మేం చేసిన తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఈ మంచు పనిలో ఎవరైనా ముందు కాగితం రాసుకుంటారు. రెండంగుళాలు పడితేనే వస్తాం, మున్సిపాలిటీ బండి రోడ్డు మంచు తెచ్చి కారు దిగే డ్రైవ్‌వే ముందు పోస్తే అది తీయడానికి డబ్బు వేరే, అని అందులో ఉంటుంది. మేం రాయలేదు. అన్నయ్యా, అక్కా అని పిలిచేవాళ్ళని సంతకం పెట్టమని ఎలా అడుగుతాం? మంచు పడితే వస్తాంలెండి అన్నాం, అంతే. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు ఒక మోటు సామెతలో చెప్పారు, అది ఇక్కడ రాయను.

పిండి చల్లినంత మంచు పడినా ఫోనే. తోసి ఇంటికొచ్చేలోపు మున్సిపాలిటీ బండి వచ్చి గట్టు కడితే మళ్ళీ ఫోను. అందరికీ వాళ్ళ ఇల్లే ముందు కావాలి. పైగా తోసేసి వెళ్ళిపోతానంటే ఊరుకోరు. చలిలో వచ్చారు, కాఫీ తాగి వెళ్ళమంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారో నాన్నగారో ఉంటే కాఫీతో పాటు ఉప్మా కూడా. మా ఆయన ఒకరింట్లో ఉప్మా తింటుంటే, ఆఫీసుకి టైమైపోతోందని ఇంకొకరు నన్ను తిట్టేవారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మూకుడు అటక ఎక్కింది. ఇంట్లో ఉన్న రోజు కూడా ఆయన కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తూ ఉండేవాడు, నేను ఫోన్ కేసి.

అలా ఆరు చలికాలాలు గడిచాయి. రెండేళ్ళ కిందట నేను సిగ్గు విడిచి కాగితాలు అచ్చువేయించాను. మన మధ్య కాగితాలేంటక్కా అని నవ్వినవాళ్ళు నవ్వారు, ఇద్దరు మానేశారు, మిగిలినవాళ్ళు సంతకం పెట్టారు. ఫోన్లు తగ్గాయి. చిన్నమంచు రోజులు తిరిగి మావి అయ్యాయని సంబరపడ్డాను. మొన్న డిసెంబరులో అలాంటి రోజొకటి వచ్చింది. మినప్పప్పు రుబ్బి ఉంచాను. బయట అరంగుళం కూడా లేదు. ఒక్క ఫోనూ రాలేదు. ఆయన బూట్లు వేసుకుంటున్నాడు.

ఎక్కడికండీ అన్నాను. ఊరికే ఓసారి చూసొస్తా అన్నాడు. ఎవరూ రమ్మనలేదు కదా, ఇవాళ ఉండిపోండి అన్నాను. ఇంకో మాట కూడా అనేశాను, ఈ మంచు పని మొత్తం మానేద్దామని, మళ్ళీ మనిద్దరం మునుపటిలా ఉందామని. మామూలుగా నేను అలా బతిమాలను. ఆయన బూటు లేసు కట్టుకోవడం ఆపి, నా వైపు చూశాడు.

"బండిలో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. వీధిలో చప్పుడుండదు. మొదట్లో నువ్వు పంపావని వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు అదే బాగుంటోందే నాకు."

కోపంగా అనలేదు. సంజాయిషీ చెబుతున్నట్టుగా అన్నాడు. నేనూ వస్తానన్నాను. చలికి తట్టుకోలేవన్నాడు గానీ వద్దనలేదు. నా కోసం సీటు మీది, మంచు కరగడానికి చల్లే ఉప్పు బస్తా తీసి వెనక వేశాడు.

ఎప్పుడూ వెళ్ళే ఇళ్ళ మీదుగానే నడిపాడు. తోయడానికి ఏమీ లేదు, బ్లేడు దించనే లేదు. నేను వంటింట్లో మాట్లాడినట్టే అవీ ఇవీ మొదలుపెట్టాను. ఆయన ఊఁ అన్నాడు, నేను నొచ్చుకోకుండా నవ్వాడు కూడా. కాసేపటికి నేనే ఆపేశాను. ఆపిన తర్వాత ఆయన భుజాల బిగువు సడలడం చూశాను. ముఖం తేటగా ఉంది. ఆ ముఖం ఒకప్పుడు నా బల్ల దగ్గర కూర్చునేది. ఆయన ఈ పనితో విసిగిపోయి ఉండాలని ఇన్నాళ్ళూ నేను లోపల కోరుకున్నానని అప్పుడు తెలిసింది. కష్టపడుతున్న మనిషినైతే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కురావచ్చు. సుఖంగా ఉన్నవాణ్ణి ఏమని పిలవను?

ఇంటి ముందు బండి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. ఇంకొక్క రౌండు వేసొస్తాను, నువ్వు తినేసెయ్ అన్నాడు.

సరేనండీ, వెళ్ళి రండి అన్నాను.