‘సమర్పించు’ అంటే ఏమివ్వాలి?

కంప్యూటర్ కనిపెట్టినవాళ్ళంతా మా అమ్మమ్మ ముందు పలక పట్టుకుని ఓనమాలు దిద్దాల్సిందే. పదో తరగతి గట్టెక్కని మనవడి మాట కదా అని కొట్టిపారేయకండి.

అమ్మమ్మ ముప్పై ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసింది. ఉద్యోగం అయిపోయినా వేళ్ళు ఊరుకోవు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మోకాలి మీద టైపు కొట్టేస్తుంటాయి. ఆమె చిన్నకొడుకు, మా చినమామకి నలభై ఒకటి. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల నెమ్మది. చదువుతాడు, కానీ ఒక్కో మాటనూ వేలితో తడుముకుంటూ చదువుతాడు. ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతున్నాడు. అంచుకూ అంచుకూ వెంట్రుకవాసి తేడా రాదు. రెండు బస్సులు మారి అక్కడికి ఒక్కడే వెళ్తాడు. మామకి ఉన్న ఆస్తి ఆ ‘ఒక్కడే’ అన్న మాట.

ఆ ఏడాది బస్సు పాసు వెబ్‌సైటులోనే తీసుకోవాలన్నారు. మామ అన్నీ నింపాడు. చివర ‘సమర్పించు’ అని ఉంది. పాత పాసును రెండు చేతులా పట్టుకుని తెరకు చూపిస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలకు ‘సమయం ముగిసింది’ అంటూ పేజీ మాయమైంది. మూడు రోజులు అదే వరస. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పాత పాసు గడువు తీరిందని కండక్టరు దారి మధ్యలో దింపేశాడు. ఎటు వెళ్ళాలో తెలియక మామ సాయంత్రం దాకా ఒక చెప్పుల దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. ఇకపై ఎవరైనా వెంట వస్తేనే పనిలోకి రానిస్తామని లాండ్రీవాళ్ళు తేల్చేశారు.

“ఆ ఫారం నాకొదిలెయ్ అమ్మమ్మా, రెండు నిమిషాల్లో నేను నింపేస్తా.”

“నువ్వు నింపితే పాసొస్తుంది. వాడు తలెత్తుకుంటాడా?”

గోడ వైపు తిరిగి పడుకున్న మామ అప్పుడు నోరు విప్పాడు. “సమర్పించు అంటే ఏమివ్వాలమ్మా? నా దగ్గర ఆ పాసొక్కటే ఉంది.”

మోకాలి మీద వేళ్ళు ఆగిపోయాయి.

మర్నాడు అమ్మమ్మ బస్సుల ఆఫీసుకు వెళ్ళి, సైటు చూసే ఇంజనీరమ్మాయి ముందు కూర్చుంది.

“అందరికీ అర్థమవుతోంది కదా పెద్దమ్మా?”

“అందరిలో మావాడు లేడా అమ్మాయ్?”

ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళింది. చిత్తుకాగితాల కట్ట తెచ్చి, “మీవాడికి అర్థమయ్యేలా గీసి తెండి, అలాగే మారుస్తాను” అంది.

అమ్మమ్మ ఒక్కో పేజీ కాగితం మీద గీసి మామ ముందు పెట్టేది. వేలు ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చేది. ఒక పేజీకి ఒకే ప్రశ్న ఉంచింది. పది నిమిషాల గడువు తీసేయించింది. ‘సమర్పించు’ కాస్తా ‘పంపు’ అయింది. ముచ్చటపడి పేజీపేజీకీ బొమ్మలు కూడా వేసింది.

“బస్సు నొక్కానమ్మా. రాలేదు.”

“అది బొమ్మ రా. నీకు తేలిగ్గా ఉంటుందని వేశాను.”

“నేను చిన్నపిల్లాణ్ణా? మాట రాయి.”

ఆ కాగితాలన్నీ అమ్మమ్మ తన చేతులతోనే చించేసింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు.

నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్ళూ లాండ్రీకి అమ్మమ్మే వెంట వెళ్ళింది. బస్సులో మామ ఒక్కరోజు కూడా ఆమె పక్కన కూర్చోలేదు.

కొత్త పేజీ వచ్చిన రోజు మామ నలభై నిమిషాలు తీసుకున్నాడు. ఆగలేక నా చెయ్యి మౌసు మీదికి వెళ్ళబోతే అమ్మమ్మ చటుక్కున ఒకటిచ్చింది. చివరికి మామ ‘పంపు’ నొక్కాడు.

“వెళ్ళిపోయిందమ్మా.”

పాసు వచ్చాక లాండ్రీకి బయల్దేరుతూ గుమ్మంలో వెనక్కి తిరిగి, “రావద్దు” అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా అమ్మమ్మ కిటికీ ఊచలు వదల్లేదు.

ఇదంతా రాసి, ఎలా ఉందని అమ్మమ్మకి గొప్పగా చదివి వినిపించాను.

“వాడి గురించి రాశావు, వాడే చదవలేడు. సగం కొట్టెయ్” అంది.